కొరియా సంస్కృతి, సంప్రదాయాలు: గోదావరి వైపు నుంచి ఒక పరిచయం

కొరియా అనగానే ఇవాళ మన విద్యార్థులకు గుర్తుకు వచ్చేవి టీవీ సీరియళ్లు, పాటల బృందాలు, సెల్‌ఫోన్లు, కార్లు. కొన్ని దశాబ్దాల కిందట ఈ పాఠం రాయవలసి వస్తే కొరియా యుద్ధంతోనో, 1988 సియోల్ ఒలింపిక్ క్రీడలతోనో మొదలుపెట్టేవాళ్లం. ఇప్పుడు పరిస్థితి వేరు. 2017 ఏప్రిల్‌లో కియా సంస్థ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. 2019 డిసెంబరులో పెనుకొండ దగ్గర దాని కార్ల కర్మాగారం లాంఛనంగా ప్రారంభమైంది. అప్పటినుంచి కొరియావాళ్లు మన రాష్ట్రంలో ఇళ్లు అద్దెకు తీసుకుని ఉంటున్నారు. మన పిల్లలు చదువుకీ ఉద్యోగానికీ సియోల్ వెళ్తున్నారు. ఈ పాఠం చదువుతున్న మీలోనూ రేపు రాజమహేంద్రవరంలో రైలెక్కి, తరవాత విమానమెక్కి అక్కడ దిగేవారు ఉండవచ్చు. అతిథిగా వెళ్లే అలాంటి పాఠకుణ్ణి మనసులో పెట్టుకుని రాసిన పరిచయమిది.

పరాయి సంస్కృతిని చూసేటప్పుడు మనం సాధారణంగా రెండు పొరపాట్లు చేస్తాం. ఒకటి, అంతా వింతగా ఉందనుకోవడం. రెండోది, అంతా మనదగ్గరినుంచి పోయిందే అనుకోవడం. రెండోదే ఎక్కువ ప్రమాదకరమని ఈ రచయిత అభిప్రాయం. అది స్నేహంలా కనిపిస్తుంది కనక ఎవరూ దిద్దరు. గోదావరికీ కొరియాకూ మధ్య పోలికలు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని నిజంగా ప్రయాణించి వెళ్లినవి. కొన్ని ఒకే రకమైన బతుకులోంచి రెండుచోట్లా విడివిడిగా పుట్టినవి. కొన్ని కేవలం కాకతాళీయం. ఏది ఏ కోవలోకి వస్తుందో ప్రతి సందర్భంలోనూ అడిగి తెలుసుకోవాలి. చరిత్ర విద్యార్థి చేయవలసిన పని అదే, మంచి అతిథి చేయవలసిన పనీ అదే.

వేంగి నుంచి సిల్లా దాకా

ముందు నిజంగా ప్రయాణించిన దానితో మొదలుపెడదాం. ఏలూరుకు ఉత్తరాన పెదవేగి ఉంది. శాలంకాయనులకూ, తరవాత తూర్పు చాళుక్యులకూ రాజధాని అయిన వేంగి అదే. చైనా యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్ క్రీ.శ. 639 ప్రాంతంలో ఆంధ్రదేశానికి వచ్చినప్పుడు ఈ నగరాన్ని పేర్కొన్నాడు. నగరానికి కొంతదూరంలో ఒక కొండ ఉందని, దానిమీద స్తూపం ఉందని, బౌద్ధ ఆచార్యుడు దిఙ్నాగుడు తన హేతుశాస్త్రాన్ని అక్కడే రచించాడని రాశాడు. ఆ కొండ ఏదన్న విషయంలో పరిశోధకులకు ఏకాభిప్రాయం లేదు. దిఙ్నాగుడు పుట్టుకతో వేంగివాడు కూడా కాడు. టిబెట్ సంప్రదాయం ఆయనది కంచి ప్రాంతమని చెబుతుంది. కాని ఏడో శతాబ్దంలో ఈ ప్రాంతంవాళ్లు ఆయన పేరును తమ కొండతో కలిపి చెప్పుకునేవారన్నది స్పష్టం.

దిఙ్నాగుడి శాస్త్రం దేని గురించి? 'కొండమీద పొగ ఉంది కనక నిప్పు ఉంది' అని మనం అంటాం. ఆ 'కనక' ఎప్పుడు చెల్లుతుంది, ఎప్పుడు చెల్లదు? వాదంలో చూపిన హేతువు నిలబడాలంటే దానికి ఏ లక్షణాలుండాలి? ఈ ప్రశ్నలకు ఆయన కట్టుదిట్టమైన నియమాలు ఏర్పరచాడు. 645లో చైనాకు తిరిగి వెళ్లిన హ్యూయాన్‌త్సాంగ్ ఆ సంప్రదాయానికి చెందిన 'న్యాయప్రవేశం' అనే చిన్న గ్రంథాన్ని 647లో చైనా భాషలోకి అనువదించాడు. అది శంకరస్వామి రచన. ఆ తరవాత రెండు మూడేళ్లలో దిఙ్నాగుడి 'న్యాయముఖం' కూడా అనువదించాడు. ఆ అనువాదాలు కొరియా ద్వీపకల్పంలోని సిల్లా రాజ్యానికి చేరాయి.

సిల్లాలో వోన్హ్యో (617–686) అనే భిక్షువు ఉండేవాడు. కొరియాలో ఈ పేరు తెలియనివారు అరుదు. చైనా వెళ్లి చదువుకుందామని బయలుదేరి, దారిలో రాత్రిపూట చీకట్లో దాహమేసి చేతికందిన నీళ్లు తాగి, అవి పుర్రెలోని నీళ్లని తెల్లవారాక తెలుసుకుని, రుచీ అసహ్యమూ అన్నీ మనసులోనివేనని గ్రహించి వెనక్కి తిరిగి వచ్చాడని ఆయన గురించి ఒక కథ ఉంది. పిల్లలకు చెప్పే ఈ కథకు పక్కన పెద్దగా ప్రచారంలేని సంగతి మరొకటి ఉంది. 671లో ఆయన 'పాన్‌బిర్యాంగ్‌నోన్' అనే తర్కగ్రంథం రాశాడు. అనుమాన ప్రమాణాన్ని తూచి చూడడమే దాని పని. హ్యూయాన్‌త్సాంగ్ స్వయంగా ప్రతిపాదించిన ఒక వాదాన్ని కూడా అందులో ఆయన అదే శాస్త్ర నియమాలతో నిలదీశాడు. ఆ గ్రంథం పూర్తిగా దొరకలేదు. కొన్ని భాగాలు జపానులో మిగిలాయి.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. వేంగి కొండ పేరుతో ముడిపడిన శాస్త్రం ముప్ఫై ఏళ్ల లోపల సిల్లాకు చేరింది. చేరినది చేరినట్టు అక్కడ ఉండిపోలేదు. దానిని తీసుకున్నవాడు గురువులనే ప్రశ్నించాడు. 'మనం ఇచ్చాం, వాళ్లు పుచ్చుకున్నారు' అనే మాట ఈ సందర్భానికి సరిపోదు.

ఎదురుదారిలో వచ్చినవారూ ఉన్నారు. సిల్లాలో పుట్టిన హ్యేచో అనే యువ భిక్షువు 723 నుంచి 727 వరకు భారతదేశంలోనూ మధ్య ఆసియాలోనూ తిరిగాడు. మధ్యదేశం నుంచి మూడు నెలలు నడిచి దక్షిణాపథానికి వచ్చాడు. కొండల్లో ఒక పెద్ద విహారం ఉందని, నాగార్జునుడి కోసం యక్షులు దాన్ని కట్టారని, ఒకప్పుడు అక్కడ మూడువేలమంది భిక్షువులుండేవారని తాను విన్నది రాసుకున్నాడు. తాను వచ్చేనాటికి అది పాడుబడి, ఒక్క భిక్షువు కూడా లేడు. ఆ దారిలోనే ఇంటిమీద బెంగపెట్టుకుని ఒక పద్యం కూడా రాశాడు. ఆయన యాత్రాగ్రంథం వెయ్యేళ్లకు పైగా ఎవరికీ తెలియకుండా ఉండి, 1908లో చైనాలోని దున్‌హువాంగ్ గుహల్లో ఫ్రెంచి పండితుడు పాల్ పెలియో చేతికి చిక్కింది. ఆ రాతప్రతి ఇప్పుడు పారిస్‌లో ఉంది. మన బౌద్ధక్షేత్రాలు పాడుబడుతున్న కాలానికి ప్రత్యక్షసాక్షుల్లో ఒకడు కొరియావాడని మనలో ఎందరికి తెలుసు?

కొరియాకు వెళ్లినవారు వీలుచేసుకుని హేయిన్‌సా ఆలయం చూడాలి. మంగోలుల దాడుల కాలంలో, 13వ శతాబ్దంలో, బౌద్ధ వాఙ్మయాన్నంతా చెక్కపలకల మీద తిరగేసి చెక్కారు. 81 వేలకు పైగా పలకలు ఇప్పటికీ అక్కడి కొట్టాల్లో చెదలు పట్టకుండా, బూజు పట్టకుండా ఉన్నాయి. గాలి ఆడడానికి ముందుగోడకూ వెనకగోడకూ వేరువేరు కొలతల్లో పెట్టిన కిటికీలే అందుకు ముఖ్య కారణం. నాగార్జునుడి రచనల చైనా అనువాదాలు ఆ పలకల్లో ఉన్నాయి. అక్కడి ఆలయాల్లో మధ్య ద్వారం భిక్షువుల కోసం. సందర్శకులు పక్క ద్వారం నుంచి, చెప్పులు విప్పి లోపలికి వెళ్లాలి. చెప్పులు విప్పడం మనకు ఎవరూ చెప్పనక్కరలేదు గాని, ద్వారం సంగతి తెలియక చాలామంది నడిమధ్యగా నడిచిపోతారు.

అయోధ్య రాణి, 'అప్ప' అనే మాట

భారతీయుడని తెలియగానే కొరియాలో పెద్దవాళ్లు తరచుగా ఎత్తే కథ ఒకటుంది. క్రీ.శ. 48లో 'అయుత' అనే దేశం నుంచి ఒక రాకుమార్తె ఓడలో వచ్చి, గయ రాజ్యపు రాజు సురోను పెళ్లాడిందని, ఆమె పేరు హో హ్వాంగ్-ఓక్ అని ఆ కథ. గింహే నగరంలో ఆమె సమాధి ఉంది. గింహే కిమ్, గింహే హో వంశాలవారు లక్షల సంఖ్యలో తమను ఆమె సంతతిగా చెప్పుకుంటారు. అయుత అంటే అయోధ్య అని భావించి, 2001లో అయోధ్యలో ఒక స్మారకం నెలకొల్పారు.

చరిత్ర విద్యార్థిగా మీరు అడగవలసిన మొదటి ప్రశ్న: ఈ కథ మనకు ఎక్కడ దొరుకుతుంది? ఇర్యొన్ అనే భిక్షువు 13వ శతాబ్దంలో సంకలనం చేసిన 'సామ్‌గుక్ యుసా'లో. అంటే చెప్పిన సంఘటనకు పన్నెండువందల ఏళ్ల తరవాత. రెండో ప్రశ్న: మొదటి శతాబ్దంలో ఆ నగరాన్ని అయోధ్య అనే పిలిచేవారా? ఆనాటి ఆధారాల్లో ఎక్కువగా కనిపించే పేరు సాకేతం. బౌద్ధం వేళ్లూనిన తరవాత, తమ తొలి రాణిని బుద్ధుడి దేశంతో కలుపుకోవాలనే కోరికలోంచి ఈ కథ పెరిగిందని అనేకమంది చరిత్రకారులు భావిస్తారు. మన రాజవంశాలు శాసనాల్లో సూర్యచంద్ర వంశాలతో తమను కలుపుకోలేదా? తూర్పు చాళుక్యుల తరవాతి శాసనాలు తమ పూర్వీకుల్ని అయోధ్య సింహాసనం మీదే కూర్చోబెట్టాయి. అందువల్ల కథ విన్నప్పుడు అబద్ధమని తోసిపారేయనక్కరలేదు, నిరూపితమైన చరిత్ర అని చంకలు గుద్దుకోనూ అక్కరలేదు. తన వంశంలో ఒక అమ్మమ్మ భారతదేశం నుంచి వచ్చిందని ఒకరు ఆప్యాయంగా చెబుతున్నారు. ఆ ఆప్యాయత మాత్రం ఇప్పటిది, నిజమైనది.

భాష విషయంలోనూ ఇదే చిక్కు. కొరియా పిల్లలు తల్లిని 'ఒమ్మా' అని, తండ్రిని 'అప్పా' అని పిలుస్తారు. 'నేను'కు 'నా', 'నువ్వు'కు 'నొ' అంటారు. క్రియ వాక్యం చివరే వస్తుంది. హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ 1905లోనే కొరియా భాషనూ ద్రావిడ భాషలనూ పోలుస్తూ ఒక వ్యాకరణం ప్రచురించాడు. నేటి భాషాశాస్త్రజ్ఞులు ఆ బంధుత్వాన్ని అంగీకరించరు. పసిపిల్లల నోట మొదట పలికేవి పెదవుల ధ్వనులు కనక అమ్మ, అప్ప వంటి మాటలు ప్రపంచంలో చాలాచోట్ల ఉన్నాయి. క్రియ చివర ఉండడం జపాను, టర్కీ భాషల్లోనూ ఉంది. బంధుత్వం రుజువు కావాలంటే ధ్వనుల మార్పులు ఒక క్రమంలో వందల మాటల్లో కనబడాలి. పది మాటలు చాలవు.

ఆగి ఆలోచించండి: మీ ఊరి పేరు గురించో, మీ ఊరి గుడి గురించో చెప్పుకునే కథ ఒకటి తీసుకోండి. అది ఎప్పుడు, ఎవరు, ఎక్కడ మొదట రాశారో కనుక్కోవడానికి ప్రయత్నించండి.

అండి, ఆయ్, యో

బంధుత్వం లేదన్నాం గాని, తెలుగువాడికి, అందులోనూ గోదావరివాడికి, కొరియా మాటతీరు చప్పున పట్టుబడుతుంది. మనం 'వెళ్తాను' అన్నదాన్ని పెద్దవాళ్ల ముందు 'వెళ్తానండి' అంటాం. వాళ్లు 'గా' అన్నదాన్ని 'గాయో' అంటారు. ఆ చివరి 'యో' చేసే పని మన 'అండి' చేసే పనే. కోనసీమలో పిలిస్తే 'ఆయ్' అని పలికినట్టు వాళ్లు 'నే' అంటారు. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మధ్యమధ్య 'నే, నే' అంటూ ఉండడం మర్యాద. ఊరుకుంటే విననట్టు లెక్క.

ఇంకాస్త లోతుకు వెళితే, వాళ్ల మర్యాద రెండు రకాలు. ఒకటి వినేవారి పట్ల, రెండోది మాటలో ప్రస్తావనకు వచ్చే మనిషి పట్ల. మనకూ అంతే. 'మా తమ్ముడు వస్తాడండి' అన్నప్పుడు గౌరవం వింటున్నవారికి. 'తాతగారు వస్తున్నార్రా' అన్నప్పుడు గౌరవం తాతగారికి. కొరియా క్రియల్లో రెండో గౌరవానికి 'సి' అనే ప్రత్యయం చేరుతుంది. ఈ తేడా ఆంగ్లంలో చదువుకునేవాళ్లకు పాఠాల కొద్దీ పడుతుంది. మీకు ఒక్క వాక్యం చాలు.

అయితే ఎవరికి ఏ మర్యాద ఇవ్వాలో తేల్చడానికి వయసు తెలియాలి. అందుకే పరిచయమైన కాసేపటికే ఏ సంవత్సరంలో పుట్టారని అడుగుతారు. తప్పుగా అనుకోకూడదు. ఒక్క ఏడాది పెద్దయినా పేరుపెట్టి పిలవరు, వరసతో పిలుస్తారు. ఆ వరసలో పిలిచేవారు ఆడా మగా అన్నదాన్నిబట్టి మాట మారుతుంది. అన్నయ్యను తమ్ముడు 'హ్యొంగ్' అంటే చెల్లెలు 'ఒప్పా' అంటుంది. మనకు ఈ తేడా లేదు. పుట్టగానే బిడ్డకు ఒక ఏడాదిగా లెక్కపెట్టే పాత పద్ధతిని 2023 జూన్ 28 నుంచి చట్టం అధికార వ్యవహారాల్లో పక్కనపెట్టింది. ఇళ్లల్లో మాత్రం పెద్దవాళ్లు ఇంకా పాత లెక్కే చెబుతుంటారు.

లిపి విషయం వాళ్లకు ప్రాణప్రదం. రాజు సేజోంగ్ 1443లో కొత్త లిపిని రూపొందించి 1446లో ప్రకటించాడు. అప్పటిదాకా చదువంటే చైనా అక్షరాలే. పలికేటప్పుడు నాలుకా గొంతూ ఉండే తీరునుబట్టి హల్లుల ఆకారాలు గీశారు. హల్లునూ అచ్చునూ కలిపి ఒక గడిలో రాస్తారు కనక గుణింతం నేర్చినవారికి రెండు మూడు రోజుల్లో చదవడం వస్తుంది. కంఠ్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు అంటూ ధ్వనుల్ని పుట్టేచోటునుబట్టి వర్గాలు చేయడం భారతీయ శిక్షాశాస్త్రం నుంచి బౌద్ధం ద్వారా చైనాకు వెళ్లి, ఆ చైనా ధ్వనిశాస్త్రం సేజోంగ్ ముందు ఉంది. కాని అక్షరాల ఆకృతి, ఆ ఊహ, పూర్తిగా కొరియావారివి. 'హంగుల్ మన దేవనాగరి నుంచి పుట్టింది' అని ఎవరి ముందూ అనకండి.

1444లో చే మల్లి అనే పండితుడు రాజుకు విజ్ఞాపన పెట్టి, సొంత లిపి అనాగరికులకే తగునని వాదించాడు. పండితవర్గం దాన్ని నాలుగు శతాబ్దాలు ఆడవాళ్ల రాతగా, సామాన్యుల రాతగా చిన్నచూపు చూసింది. పూర్తిగా హంగుల్‌లో అచ్చయిన 'తొంగ్నిప్ సిన్‌మున్' పత్రిక 1896లో గాని రాలేదు. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం 'వివేకవర్ధని'ని 1874లో మొదలుపెట్టి పత్రికాభాషను సామాన్యుడికి దగ్గర చేయడానికి పడిన పాట్లు తెలిసినవారికి ఈ కథ కొత్తగా అనిపించదు.

ఇంటిపేరు, పెద్దలు, పండుగలు

కొరియాలో ఇంటిపేరు ముందు, సొంత పేరు తరవాత. కందుకూరి వీరేశలింగం అన్నట్టే. కిమ్, ఈ, పాక్ అనే మూడు ఇంటిపేర్లవాళ్లే జనాభాలో దాదాపు సగం. అందుకని ఇంటిపేరుతో పాటు మూలస్థానం కూడా చెబుతారు: గింహే కిమ్ వేరు, గ్యొంగ్‌జు కిమ్ వేరు. ఒకే ఇంటిపేరు, ఒకే మూలస్థానం ఉన్నవారి మధ్య పెళ్లి నిషేధం. మన సగోత్ర నిషేధంలాంటిదే. 1997లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని చెల్లదని తేల్చింది, 2005లో చట్టం మారింది. పెళ్లయినా ఆడవారి ఇంటిపేరు మారదు. అత్తవారి ఇంటిపేరుతో పిలిస్తే ఆమెకు అర్థం కాదు.

పోయిన పెద్దలకు ఏటా చేసే కర్మ 'చేసా'. పండుగ ఉదయాన చేసేది 'చార్యే'. ఇంటి పెద్దకొడుకు బల్లమీద అన్నం, పులుసు, చేపలు, పళ్లు అమర్చి, సారా పోసి, నేలకు తల ఆనించి మొక్కుతాడు. తద్దినం పెట్టే ఇళ్లల్లో పెరిగినవారికి దీని గాంభీర్యం విడమరచనక్కరలేదు. అన్నంలో చెంచాను నిటారుగా గుచ్చేది ఈ కర్మలోనే. అందుకే మామూలు భోజనంలో అన్నంలో చెంచాగాని పుల్లలుగాని గుచ్చి నిలబెట్టకూడదు. ఎందుకని అడిగితే చెప్పడానికి ఇబ్బందిపడతారు.

పెద్దకొడుకు, మగసంతానం అనే ఈ ఏర్పాటు అనాదిగా ఉందని చాలామంది కొరియన్లే అనుకుంటారు. కాదు. 17వ శతాబ్దం దాకా ఆస్తిని కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా పంచేవారు, చేసాను కూడా అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ వంతులవారీగా చేసేవారు. పండితుడు యుల్‌గోక్ కుటుంబం 1566లో రాసుకున్న పంపకాల పత్రం ఇందుకు సాక్ష్యంగా నిలిచి ఉంది. ఆ యుల్‌గోక్ బొమ్మ అయిదువేల వొన్ నోటు మీద, ఆయన తల్లి శిన్ సాయిమ్‌దాంగ్ బొమ్మ యాభైవేల నోటు మీద ఉంటాయి. 1536లో ఆయన పుట్టింది గాంగ్నుంగ్‌లో, తల్లి పుట్టింట్లో. కాన్పుకు పుట్టింటికి వెళ్లడం మనకెంత సహజమో ఆనాడు వాళ్లకూ అంతే. జోసన్ రాజ్యం కన్ఫ్యూషియస్ ధర్మాన్ని ఇళ్లలోపలిదాకా తీసుకువెళ్లిన కొద్దీ కూతుళ్ల వాటా తగ్గింది, కోడళ్ల పని పెరిగింది. పండుగకు రోజంతా నిలబడి వేపుళ్లు వేయలేక కోడళ్లు జబ్బుపడడానికి అక్కడ ఒక పేరే ఉంది, పండుగ జబ్బు అని. 2022లో కన్ఫ్యూషియస్ సంప్రదాయానికి పెద్దదిక్కయిన సుంగ్‌క్యుంగ్వాన్ సంస్థ పండుగ బల్లమీద వేపుళ్లు పెట్టనక్కరలేదని బహిరంగంగా ప్రకటించింది. శాస్త్రంలో ఎక్కడా లేదని కూడా చెప్పింది. మన ఇళ్లల్లో ఆ మాట చెప్పే పెద్దలు ఎవరో!

పెద్ద పండుగలు రెండు. చాంద్రమాన సంవత్సరాది 'సొల్లాల్' నాడు బియ్యపు బిళ్లల పులుసు తాగి, పెద్దలకు సాష్టాంగపడి డబ్బులు పుచ్చుకుంటారు. ఎనిమిదో నెల పౌర్ణమి 'చుసొక్'. చాలా ఏళ్లు అది మన భాద్రపద పౌర్ణమితో కలుస్తుంది. మర్నాడు మనకు పితృదేవతల మహాలయ పక్షం మొదలవుతుంది. అధికమాసం తేడావల్ల ఒక్కోసారి నెల జరుగుతుంది, 2025లో చుసొక్ అక్టోబరు 6న వచ్చినట్టు. చుసొక్ ముందు సమాధుల దగ్గర పెరిగిన గడ్డి కోసి శుభ్రం చేస్తారు. పండుగకు 'సోంగ్‌ప్యొన్' చేస్తారు: బియ్యప్పిండి ముద్దలో నువ్వులో చిక్కుళ్లో పెట్టి, అర్ధచంద్రాకారంగా ఒత్తి, పైన్ ఆకులమీద ఆవిరికి ఉడికిస్తారు. వినాయక చవితి కుడుము తిన్న పది పన్నెండు రోజులకు వాళ్లు ఇది తింటారన్నమాట. ఇది ఎక్కడినుంచి ఎక్కడికీ వెళ్లినది కాదు. వరి పండేచోట పిండి ఉడికించి పెద్దలకు పెట్టడం ఎవరికైనా తట్టేదే. బిడ్డ మొదటి పుట్టినరోజున ముందు దారం, డబ్బు, కుంచె, పుస్తకం పెట్టి ఏది పట్టుకుంటుందో చూసే ముచ్చట కూడా అంతే. మన అన్నప్రాశన చూసినవారు అక్కడ కూర్చుని హాయిగా నవ్వగలరు.

అన్నం చుట్టూ

భోజనం అంతా ఒకేసారి వడ్డిస్తారు: అన్నం, పులుసు, చుట్టూ చిన్న గిన్నెల్లో కూరలు. అన్నానికి చెంచా, కూరలకు లోహపు పుల్లలు. గిన్నెను చేత్తో పైకెత్తకూడదు. పెద్దవాళ్లు చెంచా ఎత్తాకే మిగతావారు మొదలుపెడతారు. ఏదైనా ఇచ్చినా పుచ్చుకున్నా రెండు చేతులతో. శాకాహారులు ఒకటి తెలుసుకోవాలి. కించి చూడడానికి కేబేజీ జాతి ఆకుకూర పచ్చడే గాని, చాలావాటిలో ఉప్పులో ఊరవేసిన రొయ్యపప్పో చేపల రసమో పడుతుంది. బౌద్ధాలయాల భోజనంలో మాత్రం మాంసం, చేపలే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు.

కించి ఎరుపు చూసి అది వేల ఏళ్లనాటిదనుకుంటాం. మిరపకాయ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల ద్వారా ఆసియాకు వచ్చింది 16వ శతాబ్దంలో. మన ఆవకాయకూ వాళ్ల కించికీ కారం అప్పుడు గాని దొరకలేదు. అది జపాను నుంచి వచ్చిందని 1614 నాటి ఒక కొరియా గ్రంథం చెబుతుంది. అంతకుముందు ఇక్కడా మిరియమే, అక్కడా ఉప్పూ మసాలా ఆకులే. చలికాలం ముందు ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా చేరి వందల కొద్దీ కేబేజీలకు కారం పట్టించి జాడీలకెత్తే 'కింజాంగ్'ను 2013లో యునెస్కో మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. మనం ఎండకు ముందుచూపు చూస్తాం, వాళ్లు మంచుకు. జాడీ చుట్టూ జరిగే కబుర్లు ఒకటే.

ఇక గోదావరి వాళ్లు తప్పక తెలుసుకోవలసిన సంగతి. 1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐ.ఆర్.8 అనే పొట్టి వంగడాన్ని విడుదల చేసింది. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు అనే యువరైతు దాన్ని వేసి పండించి, చుట్టుపక్కల రైతులను ఒప్పించి విత్తనం పంచాడు. అదే కాలంలో అదే సంస్థలో కొరియా శాస్త్రజ్ఞుడు హో మున్-హే ఐ.ఆర్.8ను చలిదేశపు రకంతో సంకరం చేయించి 'తొంగిల్' అనే వంగడం సాధించాడు. తొంగిల్ అంటే ఏకీకరణ. 1972 నుంచి ప్రభుత్వం దాన్ని పట్టుబట్టి వేయించింది. అప్పటిదాకా బియ్యం చాలక, బియ్యంతో 'మక్గొల్లి' అనే సారా కాయడం కూడా నిషేధించిన దేశమది. 1977లో ఆ నిషేధం ఎత్తేశారు. తిండిగింజల కొరత తీరిందనడానికి అంతకంటే గుర్తు ఏం కావాలి?

అయినా జనానికి తొంగిల్ నచ్చలేదు. పొడిపొడిగా, మన అన్నంలా ఉందన్నారు. వాళ్లకు ముద్దకు ముద్ద అంటుకునే అన్నం కావాలి. 1980లో చలి దెబ్బకు పంట పోయాక ఆ వంగడం క్రమంగా కనుమరుగైంది. మన ఐ.ఆర్.8నూ ఆనాడు రుచి లేదని తిట్టుకున్నవారే ఎక్కువ, కడుపు నింపింది మాత్రం అదే. 1970లో కొరియాలో తలసరి బియ్యం వాడకం 136 కిలోలు. 2023కు అది 56 కిలోలకు పడిపోయింది. కాని 'అన్నం తిన్నారా?' అని పలకరించే అలవాటు మాత్రం పోలేదు. ఆ ప్రశ్నకు తిన్నానని చెప్పడమే జవాబు. ఏం తిన్నారో చెప్పనక్కరలేదు.

ఆగి ఆలోచించండి: మీ ఇంట్లో పెద్దవారిని 1960ల నాటి వరి రకాల పేర్లు అడిగి రాసుకోండి. వాటిలో ఇప్పుడు ఎన్ని పండుతున్నాయి?

అడగకుండా తెలుసుకోవలసినవి

1910 నుంచి 1945 వరకు కొరియా జపాను పాలనలో ఉంది. 1940లో జపాను తరహా పేర్లు పెట్టుకోవాలని ఒత్తిడి వచ్చినప్పుడు అయిదింట నాలుగు కుటుంబాలు ఇంటిపేరు మార్చుకోవలసి వచ్చింది. ఇంటిపేరుకు వాళ్లిచ్చే విలువ పైన చూశాం కనక ఆ దెబ్బ ఎంతటిదో ఊహించవచ్చు. 1942లో కొరియా నిఘంటువు తయారుచేస్తున్న పండితులను అరెస్టు చేసి రాతప్రతులు పట్టుకుపోయారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1945 సెప్టెంబరులో ఆ కట్టలు సియోల్ రైల్వేస్టేషన్ గోదాములో దొరికాయి. హంగుల్ గురించి వాళ్లు మాట్లాడేటప్పుడు గొంతులో వినిపించే పట్టుదలకు మూలం ఇక్కడుంది. వాళ్ల స్వాతంత్ర్య దినం కూడా ఆగస్టు 15, మనకంటే రెండేళ్లు ముందు.

ఆ వెంటనే దేశం రెండు ముక్కలైంది. 1950 జూన్ 25న మొదలైన యుద్ధం 1953 జూలై 27న విరమణ ఒప్పందంతో ఆగింది. శాంతి ఒప్పందం ఇప్పటికీ లేదు. భారతదేశం పోరాడే సైన్యాన్ని పంపలేదు. లెఫ్టినెంట్ కర్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ వైద్యదళాన్ని పంపింది. యుద్ధం ఆగాక స్వదేశానికి వెళ్లనన్న ఖైదీల సంరక్షణ భారం జనరల్ కె.ఎస్. తిమ్మయ్య అధ్యక్షుడిగా ఉన్న తటస్థ దేశాల సంఘం మీద, భారత సైనికుల మీద పడింది. వృద్ధులు కొందరు దీన్ని ఇంకా గుర్తుచేసుకుంటారు.

సియోల్‌కు ఉత్తరాన, సరిహద్దుకు దగ్గరలో ఇమ్‌జింగాక్ అనే చోటికి పర్యాటకుల బస్సులు వెళ్తాయి. అక్కడ 1985లో కట్టిన మాంగ్‌బేదాన్ అనే బలిపీఠం ఉంది. ఉత్తరం నుంచి యుద్ధంలో పారిపోయి వచ్చినవారు, వాళ్ల పిల్లలు సొల్లాల్ నాడూ చుసొక్ నాడూ అక్కడికి వస్తారు. తాతల సమాధుల మీద గడ్డి కోసే వీలు లేదు. కనక పళ్లు, అన్నం అమర్చి, ఉత్తరం వైపు తిరిగి, నేలకు తల ఆనించి మొక్కి వెళ్తారు. ఆ సమయానికి మీరు అక్కడుంటే కెమెరా సంచిలో పెట్టి ఒక పక్కగా నిలబడండి.